ఫుడ్ బ్యాంక్ సరుకు కంచం దాకా చేరిందా? – విజయవాడ ప్రాజెక్టు డైరీ

జూలై – కిలోల లెక్క సరిచేయడం

అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల్లో ఫుడ్ బ్యాంక్ (సరుకులు సేకరించి అవసరమైన ఇళ్లకు పంచే సంస్థ) నుంచి నెలనెలా సరుకుల సంచి అందుకునే ఇళ్లలో ఆకలి ఎంత తగ్గిందో, వంట ఏమన్నా మారిందో కొలవడం ఈ ప్రాజెక్టు పని. ఇంతవరకూ నివేదికల్లో మూడే అంకెలు ఉండేవి: ఎన్ని కిలోలు వచ్చాయి, ఎన్ని సంచులు వెళ్లాయి, ఎన్ని పోషకాహార క్లాసులు పెట్టాం. మూడూ ఉండాల్సినవే. కానీ అవి గోదాము ఎంత కష్టపడిందో చెబుతాయి. ఇంట్లో అందరికీ వడ్డించాక చివర కూర్చునే ఆడమనిషి కంచంలో ఏం పడిందో వాటిలో దొరకదు. ఆమె కంచమే ఈ ప్రాజెక్టుకు కొలబద్ద.

ముందు ‘ఎన్ని భోజనాలు ఇచ్చాం’ అన్న అంకె సంగతి తేల్చాం. అమెరికా ఫుడ్ బ్యాంకుల్లో 1.2 పౌన్లు, అంటే సుమారు 544 గ్రాముల సరుకును ఒక భోజనంగా లెక్కేస్తారు. ఆ సూత్రం ఇక్కడికి తెస్తే తూకం తప్పుతుంది. 544 గ్రాముల సొరకాయలో 100 కేలరీలు కూడా ఉండవు. అదే బరువు వేరుశనగ గుళ్లలో 2,800 దాకా ఉంటాయి. రెంటినీ ‘ఒక భోజనం’ అని రాస్తే, రైతుబజారు నుంచి కూరగాయలు బాగా వచ్చిన నెలలో ఆకలి తీర్చేసినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

అందుకని సంచిని కేలరీలు, ప్రోటీన్ల కింద విడగొట్టాం. నలుగురున్న ఇంటికి వెళ్లే సంచిలో కందిపప్పు 2 కిలోలు, పెసరపప్పు కిలో, వేరుశనగ గుళ్లు కిలో, రాగిపిండి 2 కిలోలు, నూనె లీటరు, గుడ్లు 30 ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికలతో లెక్కగడితే మొత్తం దాదాపు 31,800 కేలరీలు, 1,250 గ్రాముల ప్రోటీన్. నలుగురికి, 30 రోజులకు పంచితే రోజుకు మనిషికి 265 కేలరీలు, 10 గ్రాముల పైచిలుకు ప్రోటీన్. రోజుకు 2,000 కేలరీలు కావాలనుకుంటే ఆ ఇంటికి ఇది నాలుగు రోజుల తిండి. ‘నెల సరుకులు ఇచ్చాం’ అనే మాట నివేదికలోంచి తీసేశాం. ప్రోటీన్ వైపు నుంచి చూస్తే మాత్రం ఈ సంచికి బరువుంది. దాని విలువంతా అక్కడే.

సంచిలో బియ్యం లేకపోవడం పొరపాటు కాదు. బియ్యం కార్డున్న ఇంటికి మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు వస్తాయి. ఆ 5 కిలోలే రోజుకు దాదాపు 590 కేలరీలు. ఇంకా బియ్యం ఇస్తే అవి పక్కింటికో, అంగడికో వెళ్తాయి. అసలు కార్డే లేని ఇళ్లకు, అంటే వలస వచ్చినవాళ్లకు, కొత్తగా వేరుపడ్డ కాపురాలకు, విడిగా బియ్యం సంచి ఉంది. ఈ రెండు రకాల ఇళ్లనూ ఒకే పట్టీలో కలపకూడదని మొదటే నిర్ణయించాం.

గోదాములో మారినవి చిన్నవే. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూశాం. క్రేటు బరువు తీసేసి రాయడం మొదలైంది. ఖాళీ ప్లాస్టిక్ క్రేటే కిలోన్నర దాకా ఉంటుంది, ఇరవై క్రేట్లు దిగితే లెక్కలో 30 కిలోలు ఉత్తిదే. ఆకుకూరలను దించుకున్నప్పుడు ఒకసారి, పంచేటప్పుడు ఇంకోసారి తూస్తున్నాం. మధ్యలో తగ్గినదాంట్లో వాడి నీరు పోయిన బరువు వేరు, ఏరి పారేసింది వేరు. రెంటినీ కలిపి ‘వృథా’ అని రాస్తే తోటకూర తెచ్చే మనిషికి అన్యాయం జరుగుతుంది. కల్యాణ మండపాల నుంచి వచ్చే వండిన తిండిని ఈ లెక్కలో కలపలేదు. మిగులు ఆహారం పంపిణీకి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఎన్ని గంటలకు వండారు, ఎన్ని గంటలకు అందింది, వేడి 60 డిగ్రీల పైన ఉందా అన్నవి ముఖ్యమైన ఆ రిజిస్టరే వేరు.

ఆగస్టు మొదట్లో – ఆకలి ప్రశ్నలు

ఆకలిని కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కొలమానం తీసుకున్నాం. తిండికి చాలదేమోనన్న దిగులుతో మొదలై, మంచి తిండి తినలేకపోవడం, తిన్నవే తినాల్సిరావడం, పూట మానేయడం, కడుపు నిండా తినకపోవడం, ఇంట్లో తిండి నిండుకోవడం, ఆకలేసినా తినకపోవడం మీదుగా రోజంతా పస్తుండటం దాకా వెళ్తుంది. ఏడాది గుర్తు చేసుకోమనీ అడగవచ్చు, 30 రోజులూ అడగవచ్చు. మార్పు పట్టుకోవాలి కాబట్టి 30 రోజులే పెట్టుకున్నాం.

తెలుగులో అడిగేటప్పుడు కీలకం ‘డబ్బులు లేక గానీ, వేరే దారి లేక గానీ’ అన్న ముక్క. దాన్ని మొదటి ప్రశ్నలో ఒకసారి చెప్పి వదిలేస్తే చెడుతుంది. శనివారం ఒంటిపొద్దు ఉండేవాళ్లు, శ్రావణ శుక్రవారం ఉపవాసం చేసేవాళ్లు, రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్లు ‘రోజంతా తినకుండా ఉన్నారా’ అంటే ‘ఉన్నామండీ’ అనే అంటారు. అందుకని ఎనిమిది ప్రశ్నల్లోనూ ఆ ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. అడిగేవాళ్లకు విసుగొచ్చినా మానకూడదు. ‘పూట మానేశారా’ దగ్గర ఇంకో చిక్కు. పొద్దున టీ మాత్రమే తాగి పనికెళ్లే ఆడవాళ్లు ‘మాకు అలవాటేనమ్మా’ అంటారు. అక్కడ ‘అలవాటా, లేక డబ్బులకు చూసుకునా?’ అని మెల్లగా అడగాలని ఫారంలోనే సూచన పెట్టాం.

జవాబులు ఒక వరసలో పడ్డాయా అని ప్రతి సాయంత్రం చూడాలి. ‘రోజంతా పస్తున్నాం’ అని చెప్పి, పైనున్న ఏడింటికీ ‘లేదు’ అన్న ఫారం కనిపిస్తే అక్కడ ఉపవాసమో, తొందరో, అపార్థమో ఉంటుంది. ఒక్కోసారి అత్తగారు పక్కనే కూర్చుని ఉంటారు. అలాంటి ఫారాన్ని దిద్దకూడదు. మర్నాడు ఇంకొకరు వెళ్లి మళ్లీ అడగాలి.

సంచి పంచే మనిషి సర్వే చేయకూడదన్న నియమం కూడా ఇక్కడే పెట్టాం. పంచేవాళ్లు అడిగితే కొందరు మొహమాటంతో ‘మీ దయవల్ల ఏ లోటూ లేదు’ అంటారు. ఇంకొందరు సంచి ఆగిపోతుందేమోనన్న భయంతో ఉన్న ఇబ్బందిని ఎక్కువచేసి చెబుతారు. అందుకని వేరే వార్డుల డ్వాక్రా మహిళలకు శిక్షణ ఇచ్చి పంపుతున్నాం. కూర్చోగానే వాళ్లు చెప్పే మొదటి మాట ఇది: ‘అక్కా, మీరేం చెప్పినా సంచి ఆగదు, పెరగదు. పేరు ఎక్కడా రాయం.’ ఆధార్ నంబరు అడగం, ఫోటో తీయం. కోబో టూల్‌బాక్స్ (సర్వే జవాబులు నింపే యాప్) ఫారంలో ఇంటి లొకేషన్ ప్రశ్నే తీసేశాం. వీధి కోడ్ చాలు.

ఆగస్టు చివర – నిన్న ఏం తిన్నారు

పోషణ సంగతికి 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల ఆహార వైవిధ్యం కొలుస్తున్నాం. నిన్న ఒక రోజు తిన్నవన్నీ పది గుంపుల్లో వేసి, అయిదు గుంపులైనా తాకినవాళ్లు నూటికి ఎందరో చూడాలి. ధాన్యాలు–దుంపలు, పప్పులు, గింజలు, పాలు–పెరుగు, మాంసం–చేపలు, గుడ్లు, ముదురు ఆకుపచ్చ ఆకుకూరలు, విటమిన్ ఎ ఉన్న ఇతర కూరలు–పండ్లు, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు – ఇవీ గుంపులు. ఇది ఊరి మొత్తానికి వేసే కొలత. ‘నీకు నాలుగే వచ్చాయి’ అని ఒక్కొక్కరికి మార్కులు చెప్పడానికి పనికిరాదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల దగ్గరా ఇది వాడటం లేదు. వాళ్లకు ఆకలి ప్రశ్నలు మాత్రమే.

జాబితా చదివి ‘పప్పు తిన్నారా, గుడ్డు తిన్నారా’ అని అడిగితే అన్నీ తిన్నామనే అంటారు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా వరసగా చెప్పించుకుని, ఆ తర్వాత గుంపుల్లో వేయాలి. బయట తిన్నదీ రావాలి: అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనం, పని చేసే ఇంట్లో పెట్టిన టిఫిన్, గుళ్లో ప్రసాదం. తిన్నదాని పక్కనే అది ఎక్కడిదో కూడా రాయాలి. సంచిలోది, కొన్నది, బయటిది అని మూడు గుర్తులు పెట్టుకున్నాం.

శిక్షణలో ఎక్కువ సమయం తిన్నది ఈ భాగమే, తినాల్సిందీ ఇదే. ఇద్దరు సర్వేయర్లు ఒకే మనిషి మాట వింటూ విడివిడిగా ఫారం నింపుతారు, తర్వాత గుంపుగుంపుకీ పోల్చుకుంటారు. అన్నం, గుడ్డు దగ్గర ఎవరికీ తేడా రాదు. పేచీ వచ్చేది ద్రవాల దగ్గర, నంజుకునేవాటి దగ్గర. ఈ కొలతలో 15 గ్రాములు, అంటే సుమారు టేబుల్ స్పూను కంటే తక్కువ తిన్నది లెక్కలోకి రాదు. అందుకని ప్రతి ఒక్కరి సంచిలో ఒక టేబుల్ స్పూను పెట్టాం.

ఆ స్పూనుతో తేల్చుకున్న నియమాలు ఇవి. గరిటె జారుడుగా ఉన్న ముద్దపప్పు, మామిడికాయ పప్పు నిస్సందేహంగా పప్పే. పప్పుచారులో అడుగున పప్పు కనిపించి, కలుపుకున్నదాంట్లో స్పూనుకు మించి ఉంటేనే పప్పు. చారు లెక్కలో లేదు. ఇడ్లీ, దోశల్లో మినపప్పు ఉంటుంది కాబట్టి ధాన్యం, పప్పు రెండు గుంపులూ పడతాయి. పెసరట్టు పప్పు గుంపే, అందులో ఉప్మా పెడితే ధాన్యం కూడా. బొంబాయి చట్నీ శనగపిండిది కాబట్టి పప్పు కిందికి వస్తుంది, పల్లీ చట్నీ గింజల కిందికి. గోంగూర పచ్చడి అన్నంలో కలుపుకుని తిన్నారా, కంచం అంచున నంజుకున్నారా అని అడగాల్సిందే. గోంగూర పప్పయితే ఆకుకూర, పప్పు రెండూ. పోపులో కరివేపాకు, పైన చల్లిన కొత్తిమీర రావు. ములక్కాడ మిగతా కూరగాయల్లోకి, మునగాకు ఆకుకూరల్లోకి. అరటికాయ వేపుడు దుంపల గుంపులోకి, అరటిపండు పండ్లలోకి. గుమ్మడికాయ, క్యారెట్, బొప్పాయి పండు, మామిడి పండు విటమిన్ ఎ గుంపు. మామిడికాయ మాత్రం ఆ గుంపులోకి రాదు, టమాటా కూడా రాదు. టీలో పాలు లెక్కించం. పెరుగు లెక్కే. మజ్జిగ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. గ్లాసెడు నీళ్లకు చెంచాడు పెరుగు కలిపిన పలచటి మజ్జిగకు పాల గుంపు ఇస్తే, పెరుగు కొనలేని ఇల్లు కూడా కొన్నట్టు కనిపిస్తుంది. ఎంత పెరుగుతో ఎన్ని గ్లాసులు చేశారో అడిగి స్పూను లెక్కన తేల్చాలని రాసుకున్నాం.

సెప్టెంబరు – బేస్‌లైన్ (పోలికకు మొదటి సర్వే)

ఎంతమందిని అడగాలి? అయిదు గుంపులు తాకేవాళ్లు నూటికి 30 నుంచి 45కి పెరిగితే ఆ తేడా కనిపెట్టగలగాలని పెట్టుకుంటే, 95 శాతం నమ్మకం, 80 శాతం పట్టు (నిజంగా తేడా ఉంటే సర్వేకు అది దొరికే అవకాశం) లెక్కన ఒక్కో వైపు 160 మంది కావాలి. ఇళ్లు మారేవాళ్లు, పుట్టింటికి వెళ్లేవాళ్లు అయిదో వంతు ఉంటారనుకుని 200కి పెంచాం. రెండో వైపు అంటే ఈ విడతలో సంచి రాని, వచ్చే విడతలో మొదలయ్యే వీధులు. ఎవరినీ కావాలని ఆపడం లేదు. సరుకు చాలక ఎలాగూ వరసలో ఉన్నవాళ్లే పోలికకు వచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన వీధుల్ని మునిగిన వీధులతోనే పోల్చాలి. వరదలో గ్యాస్ పొయ్యి, కుక్కర్, గల్లాపెట్టె అన్నీ పోయిన ఇంటిని పటమటలో నీరు చేరని ఇంటి పక్కన పెడితే సంచి ప్రభావం తెలియదు, వరద ప్రభావమే తెలుస్తుంది.

రోజుల ఎంపికే ఈ కొలతను నిలబెడుతుంది, చెడగొడుతుంది కూడా. ‘నిన్న ఏం తిన్నారు’ అని సోమవారం అడిగితే ఆదివారం కోడికూర లెక్కలోకి వస్తుంది. ఆదివారం అడిగితే శనివారం నియమం వస్తుంది. మంగళవారం, గురువారం మాంసం ముట్టని ఇళ్లున్నాయి. తాపీ పనివాళ్లకు కూలి వారానికోసారి చేతికి వస్తుంది, ఇళ్లలో పనిచేసేవాళ్లకు జీతం ఒకటో తారీకు తర్వాత. సంచి అందిన రెండో రోజు అడిగితే అందరి కంచాల్లోనూ గుడ్డు ఉంటుంది. అందుకని ప్రతి వీధికి అడిగే రోజుల్ని వారమంతా, సంచి తర్వాత నాలుగు వారాలంతా చీటీలు తీసి పంచాం. ఫారంలో ‘సంచి అంది ఎన్ని రోజులు’ అన్నది తప్పనిసరి గడి. తర్వాతి సర్వేలోనూ అదే పొందిక ఉండాలి. లేకపోతే పోల్చడం వృథా.

ఆ గడి వెంటనే పనికొచ్చింది. సంచి అందిన తొలి వారంలో కనిపించిన గుడ్లు, వేరుశనగ మూడో వారానికి కంచాల్లోంచి మాయమవుతున్నాయి. పప్పు మాత్రం చివరిదాకా కొద్దికొద్దిగా ఉంటోంది. ఫ్రిజ్ లేని ఇంట్లో 30 గుడ్ల అట్ట నిలవ ఉంచడానికి భయపడి గబగబా వాడేస్తారు, చుట్టాలొస్తే ముందు కదిలేదీ అదే. దాంతో గుడ్లను 15 చొప్పున రెండు దఫాలు చేయాలని పంపిణీ బృందానికి చెప్పాం. వేసవిలో ఈ ఊరి ఎండకు ఇది ఎలాగూ తప్పదు.

అక్టోబరు – క్లాసులు వంటింట్లోకి దిగాయా

పోషకాహార క్లాసుకు ముందూ వెనకా పది ప్రశ్నల పరీక్ష పెట్టడం సులువు. మార్కులు ప్రతిసారీ పెరుగుతాయి. గంట కింద చెప్పింది గంట తర్వాత గుర్తుంటుంది కదా. ఆ మార్కుల మీద మాకు నమ్మకం లేదు. క్లాసు అయిన ఆరు వారాలకు ఇంటికి వెళ్లి, ఇంట్లోనే కనిపించే గుర్తుల్ని చూస్తున్నాం.

ఉప్పుకు ప్యాకెట్ మీద మార్కర్‌తో విప్పిన తేదీ రాయమంటాం. రోజుకు మనిషికి 5 గ్రాములు మించకూడదన్న లెక్కన నలుగురికి కిలో ఉప్పు 50 రోజులు రావాలి. 25 రోజుల్లోనే అయిపోతే రెండింతలు తింటున్నట్టు. ఈ కొలత ఖర్చు లేనిది, ఇంటావిడే చదువుకోగలది. అయితే ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ పెట్టే ఉప్పు అందులో కలిస్తే లెక్క పాడవుతుంది. పచ్చళ్లకు వేరే ప్యాకెట్ వాడమని ముందే చెప్పాలి. నూనె సీసా మీదా ఇదే పద్ధతి.

రేషన్ బియ్యంలోని బలవర్ధకపు గింజలు ఇంకో గుర్తు. మేం చూసిన బియ్యంలో నూరు గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజ ఉంది. రంగులో కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు తేలుతుంది కూడా. ‘ప్లాస్టిక్ బియ్యం’ అనుకుని చేటలో ఏరి పారేస్తున్నారు, లేదా కడుగు నీళ్లతో పోతున్నాయి. ఆ ఇంటికి అందాల్సిన ఇనుము మురుగు కాలువకు చేరుతోంది. దీన్ని ప్రశ్నగా అడగం. ‘అక్కా, బియ్యం ఎలా ఏరతారో ఒకసారి చూపించండి’ అంటాం. వేరుచేసిన గింజలు ఎటు వెళ్లాయో చూసి రాసుకుంటాం. క్లాసులో కూడా మాటలు తగ్గించాం. ఆ గింజల్ని చేతికిచ్చి, విడిగా ఉడికించి, నమిలి చూడమంటున్నాం. ఉడికి మెత్తబడేసరికి అనుమానం చాలావరకు పోతోంది. కడగడం రెండు నీళ్లతో ఆపమనీ, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టమనీ, ఒకవేళ వార్చినా ఆ గంజి పారబోయొద్దనీ అప్పుడే చెబుతాం.

మూడో గుర్తు టీ. అన్నం తిన్న వెంటనే తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. నిన్నటి తిండి వరసలో టీ ఎప్పుడు వచ్చిందో ఎలాగూ రాస్తున్నాం కాబట్టి కొత్త ప్రశ్న అక్కర్లేదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండారా అన్నది మాత్రం అదనంగా పెట్టాం.

రక్తపరీక్ష పెట్టమని కొందరు దాతలు అడుగుతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి వాళ్ల ఆరాటం అర్థమవుతుంది. అయినా వద్దన్నాం. హిమోగ్లోబిన్ మీద నులిపురుగులు, నెలసరి, ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు అన్నీ పనిచేస్తాయి. వేలి చుక్కతో చేసే పరీక్షలో వేలు గట్టిగా నొక్కినా అంకె మారిపోతుంది. పెరిగినా తగ్గినా అది సంచి వల్లేనని చెప్పలేని పరీక్ష కోసం మనుషుల్ని సూదితో పొడవడం సరికాదు. నీరసం, ఆయాసం చెప్పినవాళ్లను దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపుతున్నాం.

నివేదిక నమూనా కూడా సిద్ధమైంది. సంచి అందిన వీధుల్లో పెరిగినదాంట్లోంచి, అందని వీధుల్లో దానంతటదే పెరిగినదాన్ని తీసేసి చూపాలి. ఊహకు: ఇక్కడ 30 నుంచి 45కి, అక్కడ 30 నుంచి 38కి పెరిగితే సంచి ఖాతాలో పడేది 7 మాత్రమే. 15 అని రాసుకోవాలనే ఆశ ఎవరికైనా ఉంటుంది. మిగతా 8 కూలి పెరగడం వల్లో, కూరగాయలు చవకవడం వల్లో వచ్చి ఉంటాయి.

తర్వాతి పని: రెండో సర్వే తేదీలు. కార్తీకంలో పెట్టకూడదు. నెలంతా గుడ్డు, మాంసం మానేసే ఇళ్లు ఉన్నాయి, రెండు గుంపులు ఒక్కసారిగా పడిపోతాయి. సంక్రాంతి వారమూ వద్దు. కార్తీక అమావాస్య దాటాక, పండగ సరుకులు కొనడం మొదలయ్యేలోపు నాలుగు వారాలు ఖాళీగా దొరుకుతున్నాయి. ఆ నాలుగు వారాలకూ వీధుల చీటీలు కొత్తగా తీయాలి, కొత్తగా చేరిన ఇద్దరు సర్వేయర్లకు మజ్జిగ, పప్పుచారు దగ్గర స్పూను పరీక్ష మళ్లీ పెట్టాలి, 15 గుడ్ల దఫా మొదలైన తేదీని ఫారంలో చేర్చాలి.